ఉప్పు లేని గిన్నె

దానికి గూడ్సు అని పేరు పెట్టింది పోర్టరు పకీరప్ప.
పొడుగ్గా ఉంటాది, నిదానంగా నడుస్తాది,
యాడపడితే ఆడ నిలబడిపోతాది,
ఎందుకు నిలిచిందో ఎవురికీ చెప్పదు.

గుంతకల్లు స్టేషను బయట నా ఉగ్గాని బండి.
తెల్లారి నాలుగుకు పొయ్యి ముట్టిస్తే
వచ్చి చక్రం పక్కన కూలబడేది.
మొదటి వాయి బజ్జీ దానిదే.
నూనె సరిగ్గా కాగిందో లేదో
దాని మూతి చూసి తెలుసుకునేదాన్ని.

ఆ తర్వాత ఊరంతా పెట్టేది.
ఓబులేసు గార్డు డ్యూటీ దిగి సగం ఉగ్గాని,
బళ్లారి ప్యాసింజరు కిటికీల్లోంచి బిస్కెట్లు,
కటికె మస్తాను ఉప్పుకండ తునకలు.
ఎనిమిదేండ్లు.
దాని తోక ఎవురినీ కాదన్లేదు.

చలికాలంలో దగ్గు మొదలాయ.
రాత్రిపూటే.
గొంతులో బొమిక ఇరుక్కుందనుకున్యా,
వేలు పెట్టి చూస్తి. ఏమీ లేదు.
కడుపు మాత్రం బిందె మాదిరి ఉబ్బె.
"బాగ తిని బలిసిందిలే మాబున్నీ" అనిరి అందరూ.
నేనూ నవ్వితిని.

ఒకనాడు ఇంజను కూతకు లేచి ఉరకబోయి
నాలుగడుగులకే పక్కకు ఒరిగిపాయ
లింకు తెగిన పెట్టె మాదిరి.

పశువుల ఆసుపత్రిలో ఆ పొద్దు
బర్రెలు, మేకలు, ఒక కోడిపుంజు. మధ్యన మేము.
డాక్టరమ్మకు నా కూతురి వయసు.
నేల మీద కూచుని, గొట్టం చెవుల్లో పెట్టుకుని
శానాసేపు వినె.
తర్వాత ఆ గొట్టం నా చెవుల్లో పెట్టె.

పట్టాలు మారేకాడ పెట్టెలు చేసే సప్పుడు.
టక టక. ఒక దడ. మళ్లీ టక.
నడుమ ఎవురో ఊదినట్టు ఒక గాలి.

"గుండె పెద్దదైందమ్మా."
"దానిది మొదట్నుంచీ పెద్ద గుండేలే" అంటి.
డాక్టరమ్మ నవ్వలే.

"కడుపులో ఉండేది కొవ్వు కాదు, నీళ్లు.
ఉప్పు తినేకొద్దీ నిలుస్తాయి.
బజ్జీ వద్దు, ఊరుబిండి వద్దు,
ఎర్రగడ్డ అసలే వద్దు, దాని నెత్తురుకు పడదు.
అన్నం, ఉప్పెయ్యకుండా ఉడికించిన కోడి, గుమ్మడి ముక్క.
నిద్దట్లో ఊపిరి లెక్కపెట్టు,
నిమిషానికి ముప్పై దాటితే తీసుకురా."

దావెంబడి ఒకటే ఆలోచన.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు గదా,
కుక్కను చూసే అంటారు గదా.
ఉప్పే పెట్టకుంటే
దానికీ నాకూ ఇంకేం బాకీ?

మూడు దినాలు గిన్నె వాసన చూసి
నా మొగం చూసె. ముట్టలే.
నాలుగో దినం దాని ముందర కూచుని
ఆ గిన్నెలోదే ఒక ముద్ద నేను తింటి.
తడిపిన దూది నమిలినట్టుండాది.
అప్పుడు తినె, నాకోసం తిన్నట్టు.

అట్టముక్క మీద బొగ్గుతో రాయిస్తి:
గూడ్సుకు ఏమీ వెయ్యొద్దు.
"కుక్కకు పథ్యమా!" అని నగిరి.
ఓబులేసు గార్డు మాత్రం నగలే.
చేతిలో బజ్జీ అట్లే పట్టుకుని
"మరి నేనేం పెట్టాల?" అనె.
"చెయ్యి పెట్టు" అంటి.
ఇరవయ్యేండ్లు పచ్చజెండా ఊపిన చెయ్యి,
తల మీద యాడ ఆన్చాల్నో దానికి తెలీలే.

ఇప్పుడు తెల్లారి నాలుగుకు
పొయ్యి కంటే ముందు దాని పక్కటెముకలు చూస్తా.
నిన్న ఇరవయ్యారు.
ఈ పొద్దు ఇరవై నాలుగు.
మళ్లీ లెక్కపెడితి, ఇరవై నాలుగే.

మొదటి వాయి మాడిపాయ.