కాల్క్యులేటర్ మీద నేరం

కాశిమేడు ఐసు గోదాములో ఒక పాత కంప్యూటరు.
మధ్యాహ్నం సినిమా పెడితే
మూడు గంటలు చెమట పట్టకుండా చూపిస్తుంది.
వెయ్యి ఫొటోలు మీద కుమ్మరించినా
కిక్కురుమనదు.
కాల్క్యులేటర్ తెరిస్తే మాత్రం
తల వాల్చేస్తుంది.

"సొరచేపని మింగినోడికి
నెత్తళ్ళ ముల్లు అడ్డం పడినట్టుంది" అంది
లెక్కలు రాసే సెల్వనాయకి,
నెల్లూరు పడవలవాళ్ళతో బేరమాడి నేర్చుకున్న తెలుగులో.

రిచ్చీ స్ట్రీట్ నుంచి మొదటిసారి వెళ్ళినప్పుడు
అన్నీ తెలిసినవాడిలా నవ్వాను.
వైరస్ అన్నాను.
వెతికితే ఒక్కటీ దొరకలేదు.
కాల్క్యులేటర్ని పీకేసి మళ్ళీ ఎక్కించాను,
ఆరుసార్లు తెరిచాను.
ఆరుసార్లూ బుద్ధిగా సున్నా చూపించింది.
మూడొందలు తీసుకున్నాను.
తెల్లారకుండానే ఫోను:
"పడిపోయింది అన్నా."

రెండోసారి డబ్బా విప్పాను.
లోపల సముద్రం.
నీళ్ళు కాదు,
ఫ్యాను రెక్కల మీద జిడ్డుగా పేరుకున్న ఉప్పుగాలి,
మెమరీ కడ్డీ బంగారు పళ్ళ మీద పాచి.
సెల్వనాయకి కూతురి జామెట్రీ పెట్టెలోంచి
వాసన రబ్బరు అడుక్కుని
ఒక్కో పన్నూ తోమాను.
చేపల కంపు మధ్య కాసేపు
స్ట్రాబెర్రీ.

రెండ్రోజులు బతికింది.
ఆ రెండ్రోజులూ టీకొట్టు దగ్గర
నా రబ్బరు కథే చెప్పుకున్నాను.
ఆ రెండ్రోజులూ అలలెక్కువై
పడవలు పోలేదని
నాకెవరు చెప్పాలి?

మూడోరోజు ఫోనులో
అన్నా అనలేదు.

విండోస్ మొత్తం తుడిచి కొత్తగా వేశాను.
పడింది.
పవర్ సప్లై మార్చాను.
పడింది.
"మీరేమో రాసుకోలేదు, నేను రాశాను" అని
ఐసు బిల్లుల వెనకవైపు తిప్పి చూపించింది:
నాలుగూ పది, కాల్క్యులేటర్.
నాలుగూ ఇరవై, కాల్క్యులేటర్.
నాలుగున్నర, నోట్‌ప్యాడ్.
తుఫాను కబురు, పడవలు లేవు. పడలేదు.
నాలుగూ ఐదు, కాల్క్యులేటర్.

నేనెప్పుడొచ్చినా పదకొండు గంటలు.
ఎండ, ఖాళీ బుట్టలు, తక్కెడలో నిద్రపోయే పిల్లి.
ఈ గోదాము తెల్లవారుజాము ముఖం
నేను చూడనే లేదు.

ఆ రాత్రి గోనెసంచుల మీద కూర్చున్నాను.
నాలుగింటికి పడవలొచ్చాయి.
బుట్టలు దిగాయి, బూతులు దిగాయి,
ఎవరో నా కాలి మీద వంజరం జారవిడిచారు.
సెల్వనాయకి చేయి మౌసు మీదికి వెళ్ళింది.
గోడ అవతల
ఐసు దంచే మోటారు లేచింది.
నెత్తి మీద బల్బు
ఒక్క రెప్ప వేసింది.
కంప్యూటరు పడిపోయింది.

నేను తెర వైపు చూడలేదు,
బల్బునే చూస్తూ ఉండిపోయాను.
చేపలొస్తేనే లెక్క. చేపలొస్తేనే ఐసు.
నెల రోజులుగా రెండూ
ఒకే ఘడియలో తలుపు తడుతుంటే
కంటికి కనబడ్డదాన్ని పట్టుకుని
మూడుసార్లు ఊరు వెళ్ళగొట్టాను.

మరి యూపీఎస్ ఏం చేస్తున్నట్టు?
బల్ల కిందికి దూరాను.
బ్యాటరీ బూరెలా ఉబ్బిపోయి ఉంది.
చచ్చిపోయే ముందు అది అరిచే ఉంటుంది,
అరవడమే కదా దాని పని.
చూస్తే గంట వైరు
నున్నగా తెగి ఉంది.
"రాత్రంతా కీచు కీచుమంటే నిద్రెట్లా సార్"
అన్నాడు వాచ్‌మన్ ధనపాల్,
చేపల కత్తి వీపు వెనక్కి జరుపుకుంటూ.

కొత్త బ్యాటరీ వేశాను.
మోటారుకి వేరే లైను లాగమని
ఎలక్ట్రీషియన్ నంబరు గోడ మీద రాశాను.
ధనపాల్ చూస్తుండగానే
తెగిన వైరు అతికించాను.
కీచుమంది ఒకసారి,
గొంతు సరిచూసుకున్నట్టు.

మర్నాటి తెల్లవారుజామున
మోటారు హోరులో కాల్క్యులేటర్ తెరిచి
సెల్వనాయకి
నెల్లాళ్ళుగా వేళ్ళ మీద కట్టిన మొత్తాలన్నీ
మళ్ళీ వేసి చూసింది.
అన్నీ సరిపోయాయి,
రెండో శుక్రవారం ఒక్క బుట్ట తప్ప.
మళ్ళీ వేసింది.
ఒక్క బుట్టే.

ధనపాల్ గుమ్మంలో నిలబడి
సముద్రం వైపు చూస్తున్నాడు.