మూడు కిలోమీటర్లు తూర్పుకి

తార్తులో నవంబరు. నాలుగింటికే చీకటి.
నా పక్క బల్ల హెల్వెది.
రై రొట్టె కొరుకుతూ యంత్రాన్ని పడుకోబెడుతుంది, లేపుతుంది,
మళ్ళీ పడుకోబెడుతుంది.
లేచిన ప్రతిసారీ కెర్నెల్
నిన్న నిద్రపోయిన చోట ఉండదు.
ఐదువందల పన్నెండు గదుల సత్రంలో
ఏదో ఒక గదిలో కళ్ళు తెరుస్తుంది.
"దొంగ రాకుండా ఆపదిది," అంటుంది,
"వచ్చినవాడి మోకాలు చీకట్లో దేనికో తగలాలి, అంతే."

ఇల్లంతా ఒకే పలక మీద జరుగుతుంది గనక
ఒక్క మేకు ఎక్కడుందో తెలిస్తే చాలు,
వంటగదీ తెలుస్తుంది, ఇనప్పెట్టే తెలుస్తుంది.
అందుకే చిట్టాల్లో చిరునామాలు అచ్చువేయొద్దంది.
చిరునామా ఉన్నచోటల్లా సున్నాలు.

ఆమె తండ్రి ఎవాల్డ్ పటాల కచేరీలో గీత గీసేవాడట.
సోవియట్ రోజులు.
అమ్మకానికి పోయే పటంలో తీరాన్ని కాస్త జరపమని ఉత్తర్వు.
ఒక దీవిని మూడు కిలోమీటర్లు తూర్పుకి నెట్టాడు,
సన్నటి కలంతో, సిరా చెదరకుండా,
శత్రువు దారి తప్పాలని.
శత్రువు ఆకాశం మీంచి ఫొటోలు తీసుకున్నాడు.
దారి తప్పింది ఆర్నె మామ పడవ.
పటంలో నీళ్ళు, నీళ్ళలో రాయి.
మనిషి దక్కాడు.
ఎవాల్డ్ మాత్రం చాలాకాలం
చేపల అంగడి ఉన్న వీధిలోంచి నడవలేదు.

మొన్న రాత్రి ఓడరేవు నుంచి ఫోను.
దీవికి వెళ్ళే ఓడ దగ్గర టిక్కెట్టు గేట్లు
ఒకటి తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయి.
చిట్టా వచ్చింది. ఎక్కడ చచ్చిందో రాసి ఉంది:
సున్నా సున్నా సున్నా సున్నా.
హెల్వె చాలాసేపు చూసింది.
"దాచమన్నదెవరు?" అంది. "నేనే."

తెల్లారేసరికి ఇంకో సంగతి బయటపడింది.
ఆ గేట్ల పెట్టెలకి పుట్టుకలో పాచికలు లేవు.
కదిలే డిస్కు లేదు, నొక్కే వేలు లేదు,
లేచిన తొలి క్షణాన లోపల ఏ సందడీ లేదు.
నలభై పెట్టెలూ, ప్రతి ఉదయమూ,
అదే గదిలో లేచాయి. నూట పదిహేడు.
దొంగకి ఒక పెట్టె కొనుక్కుంటే సరిపోయేది.
మూడు రాత్రులు దారి తెలియనిది మాకే.

నాకు కోపం వచ్చింది. అంతా పీకేద్దామన్నాను.
ఆ రెండు పటాలు కూడా ఎందుకు?
వాడుకరికి ఒకటి, కెర్నెల్‌కి ఒకటి,
గడప దాటిన ప్రతిసారీ
ఒకటి మడిచి ఒకటి విప్పడం,
గేటు నత్తలా తెరుచుకోవడం.
"కచేరీలోనూ రెండే ఉండేవి," అంది,
"నిజమైనది బీరువాలో, అమ్మేది బల్ల మీద."
తర్వాత నెమ్మదిగా చెప్పింది,
లోపలికి రాకుండా తలుపులు తట్టేవాడుంటాడని,
'లేదు' అన్న జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలుస్తాడని,
మనిషి ఉన్న గది
ఖాళీ గదికన్నా తొందరగా 'లేదు' అంటుందని.

నేను మాట్లాడలేదు.
కాఫీ యంత్రం కాసేపు గురకపెట్టింది.

చివరికి ఇలా చేసింది:
పెట్టె ఆగేముందు పిడికెడు పాచికలు దాచుకుంటుంది,
మర్నాడు లేవగానే వాటినే విసురుతుంది.
చిరునామాలు చిట్టాలోకే వెళ్తాయి, కాని తాళం వేసి.
తాళంచెవి ఒకటి ఆమె దగ్గర, ఒకటి నా దగ్గర.
రెండు పటాలూ ఉంటాయి.
మొట్టమొదటిసారి లేచే పెట్టె సంగతేమిటంటే
భుజాలెగరేసింది.

మార్పుతో పాటు కాగితం నింపాలి.
'నష్టం' అన్నచోట రాసింది: ప్రతి గేటు దగ్గరా ఒక రెప్పపాటు.
'లాభం' అన్నచోట కలం ఆగింది.
రాని దొంగ
మంచులో అడుగులు వదలడు కదా.
ఆ గడి ఖాళీగానే పంపింది.
నేను సంతకం పెట్టాను.