ఆరు గంటలు

పొగ తాగతావా అని అడిగినాడు డాక్టరు.
నేను తాగలేదు సార్,
అదే నన్ను తాగింది.
ముప్పై ఏండ్లు చెరుకు గానుగ కాడ
బెల్లం పొయ్యిలోకి పిప్పి తోసినదాన్ని.
ఆయన రాసుకోలేదు.
కాగితంలో దానికి గడి లేదు.

నీళ్ళ మాదిరే ఉండాది మందు.
చుక్క చుక్కా చూస్తా మనసులో పాకం పట్టినా:
ఇది లేత, ఇది తీగ, ఇది ఉండ.
పెనం ఎప్పుడు దించాలో
ఊరంతా నన్నే అడిగేటోళ్ళు అంటే
నర్సు కనకవల్లి నవ్వింది,
"ఇది నువ్వు దించేది కాదు పెద్దమ్మా."

రెండో తడవకే జుట్టు దిండు మీద మిగిలిపోయింది.
నా చేత్తో వండిన బెల్లమే
నోట్లో పెట్టుకుంటే
కొడవలి నాకినట్టుండాది.

సాయంత్రం తిరుపతి బస్టాండులో
పాకాల బస్సెక్కితే
పక్క సీటామె నా గుండు చూసి
జరిగి చోటిచ్చింది.
"కొండ నించేనా? ఎంతసేపు పట్టింది?"
"ఆరు గంటలు."
"బిన్నానే అయింది, అదృష్టం! మళ్ళీ ఎప్పుడు?"
"ఇరవై ఒక్క రోజుకు."
"అంత పెద్ద మొక్కేందమ్మా?"

చెప్దామనుకునేలోపల దగ్గొచ్చింది.
ఆమె నా తల నిమిరి
ఆ చెయ్యి కండ్లకద్దుకునింది.
సూది లేకుండా నన్ను తాకిన చెయ్యి
ఈ నెలలో అదొక్కటే.

గాదంకి దాటినాక
చేనులో ఎవురో చెరుకాకు కాలస్తా ఉండారు.
కిటికీ మూద్దామని లేచినా.
తీపి వాసన.
కొంచేపాగి మూసినా.