యాభై మిగిలినప్పుడు

పడవ దిగి నాలుగు దినాలైనా
మా దస్తగిరికి మంచం ఊగుతానే ఉంది.
నిడుజువ్విలో, మిద్దె మీద,
పగటి ఎండ ఇంకా వదలని బండల మీద
కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తాడు.
"నేల కుదురుగా లేదక్కా" అంటాడు.
ఈ ఊర్లో కుదురుగా ఉండేది
నేలొక్కటే కదరా!

వాడు చేసేది గాలి నింపే పని.
మాల్దీవుల్లో ఒక పెద్ద పడవ,
ఆరు రాత్రులు ఒడ్డుకు రాదంట.
ఇరవై మంది అందులోనే తిని, అందులోనే పండుకుని
గంట కొట్టగానే లేచి నీళ్లలోకి దూకుతారంట,
దినానికి నాలుగు మార్లు.
వేరే పనేమీ లేదా వాళ్లకు అంటే
లేదంట.
పైకొచ్చినాక చిన్న పుస్తకాల్లో రాసుకుంటారు
ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఏ చేప.
వీడు వెనకాల కంప్రెసర్ మోతలో నిలబడి
ఒక్కో సిలిండర్‌కి రెండు వందలు కొడతాడు.
ముల్లు యాభై మీదికి రాగానే
ఎదురుగా ఎంత అందం ఉన్నా సరే
వెనక్కి తిరగాల.
అది పడవ కట్టుబాటు.

ఇక్కడున్నప్పుడు బోరు మోటార్లు పైకి లాగేవాడు.
మా చేన్లో తొమ్మిది వందల అడుగులు దించితే
దుమ్ము వచ్చింది.
ఇంకో వంద, అన్నాడు నాయన.
ఇంకో వంద.
మా ఇంట్లో ఎవురికీ రాలేదు
యాభై కాడ తిరుక్కోవడం.

"నువ్వెప్పుడన్నా దిగినావా రా?"
సంగటి ముద్దలో గుంత చేస్తా అడిగినా.
మూడేండ్లలో ఒక్క మారంట.
గెస్టులంతా దిగిపోయిన మధ్యాహ్నం
మాస్టరు ట్యాంకు వీపుకు తగిలించి
"నీ గాలి నువ్వే పీల్చి చూడు" అన్నాడంట.
అరవై అడుగులు.
మన బోర్లో పదిహేనో వంతు.

"ఏముండాది ఆడ?"
చేపల సంగతి చెప్తాడనుకున్నా.
"రాయి" అన్నాడు.
"రాయే అక్కా, కానీ ప్రాణముంది.
రాత్రయితే సన్నసన్న నోర్లు తెరుస్తాదంట.
చచ్చిన దాని మీద పుడతాది,
అది చస్తే దాని మీద ఇంకోటి.
ఒక పక్క నీళ్లు కాగి
సున్నం కొట్టినట్లు తెల్లగా అయిపోయింది.
దాని మీద నా నీడ పడింది చూడు,
నువ్వు పనిచేసే షెడ్డు మతికొచ్చింది."

తెల్లారి వాన్ని ఎర్రగుంట్ల షెడ్డుకు తోడుకోని పోయినా.
పదకొండేండ్లుగా నేను తడిపే బండలు.
కొన్నిటికి వీపు మీద అలలుంటాయి.
ఓనరు వాటిని సెకండ్స్ కింద తోస్తాడు,
అడుగుకు మూడు రూపాయలు తక్కువ.
గీతలు పొయ్యేదాకా రుద్దమంటాడు.
ఒకసారి స్కూలు పిల్లోల్లతో వచ్చిన సైన్సు అయ్యవారు
"ఇవి నీళ్ల గుర్తులమ్మా,
ఈడ సముద్రముండె" అన్నాడు.
నేను నమ్మలేదు.
ఆ దినం ట్యాంకరు రాలేదు మరి.

అట్లాంటి బండ ఒకటి వంచి పెట్టి
చెంబుతో నీళ్లు పోసినా.
బూడిద రంగు చప్పున నల్లబడి
లోపల్నుంచి నీలం లేచింది.
దస్తగిరి మోకాళ్ల మీద కూచున్నాడు.
అరచెయ్యి కిందికి దించి
రెండు వేళ్ల దూరంలో ఆపేసినాడు.
"పట్టుకో రా, మన బండే."
"ముట్టకూడదక్కా,
అదీ కట్టుబాటే."

నీళ్లు అంచుల కాడ నుంచి ఆరుతా ఉన్నాయి.
పక్క షెడ్డులో రంపం అందుకుంది.
తెల్లని పొడి.
నాకు దగ్గొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నా,
చానాసేపు తగ్గలేదు.
వాడు నా మొగం చూడలే.
ఊపిరి ఎక్కి దిగేది చూసినాడు,
ముల్లు చూసినట్లు.
"ఎంత ఉండాదక్కా?" అన్నాడు.

బండ ఆరిపోకముందే
ఇంకో చెంబు పొయ్యాలని
నేను తొట్టి కాడికి పోయినా.