రెండో కంట్రోలర్

"నొక్కాను మామయ్యా" అన్నాడు తదేయో,
దొంగతనం చెయ్యలేదని చూపించేవాడిలా
రెండు అరచేతులూ చాపి.
తెర మీద వాడి మనిషి
ఎగరాల్సిన చోట ఎగరకుండా
తాపీగా నడిచి అగాధంలో పడిపోయాడు.

పుంతా అరెనాస్‌లో జూన్ నెల.
పదింటికి గాని తెల్లవారదు.
జింకు రేకుల కప్పు మీద గాలి
ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లలా చప్పుడు చేస్తోంది.
మా చెల్లెలు మిల్లరాయ్ జలసంధి అవతల, పోర్వెనీర్ ఆస్పత్రిలో.
వారం డ్యూటీ. పిల్లాడు నా దగ్గర.
అటక మీది పాత ఆటపెట్టె దింపింది వాడి కోసమే.

నేను పడవల రేడియోలు బాగుచేసేవాణ్ణి.
ఏది చెడినా మొదట చెయ్యాల్సింది
మార్చి చూడటం.
ఒకటో దాని తీగ రెండో రంధ్రంలో, రెండోది ఒకటో దాంట్లో.
తప్పు రంధ్రం దగ్గరే ఉండిపోతే పెట్టెది,
తీగతో పాటు కదిలొస్తే కంట్రోలర్‌ది,
అన్నీ మార్చాక కూడా మనిషి వెంటే వస్తే
అప్పుడు అనాలి మనిషిని.

మార్చాను.
తప్పు తీగ పట్టుకుని వెంట వచ్చింది,
ఇరవై ఆరేళ్లుగా ఎవరైనా పిలుస్తారేమోనని
కాచుకున్న కుక్కలా.

నూరు చిక్కుడు గింజలు తెచ్చాం.
నేను నొక్కుతుంటే తదేయో తెర చూస్తూ
విన్నదానికి ఈ గిన్నెలో ఒకటి,
విననిదానికి ఆ గిన్నెలో ఒకటి.
ఎనభై మూడు. పదిహేడు.

మరలు ఆరు.
ఆరోది చిరిగిన స్టిక్కరు కింద దాక్కుంది.
లోపల గొర్రెబొచ్చు పోగులు, బిస్కెట్ పొడి,
కలఫాతే జామ్ ఎండి నల్లబడిన చార.
ఎగిరే బటన్ కింద రబ్బరు పొర,
పొర వెనక కాటుక చుక్కంత నలుపు,
ఒక అంచున అరిగిపోయి.
నిటారుగా నొక్కితే తగులుతుంది.
పక్కవాటుగా నొక్కితే
తగిలితే తగిలింది, లేకపోతే లేదు.

ఏడేళ్ల బొటనవేలు
పక్కవాటుగానే అందుతుంది అక్కడికి.

ఒకటో కంట్రోలర్ పెద్దవాడిది.
అది చట్టం. రాసింది నేనే.
"నొక్కాను" అనేది మిల్లరాయ్.
"నొక్కలేదు" అనేవాణ్ణి.
"నొక్కానన్నయ్యా, ఒట్టు. ఒక్కసారి మార్చుకుందాం."
ఎన్నిసార్లు అడిగిందో,
ఎన్ని విన్నానో,
గింజలు వేసినవాళ్లు లేరు.
ఒకరోజు మాత్రం విసుగొచ్చి, వంగి,
నా పెద్ద వేలితో ఒకే ఒక్క నొక్కు నొక్కి
"చూడు, పనిచేస్తోందిగా" అన్నాను.
ఒక్క నొక్కుకి తీర్పు.

ఆడలేక మద్దెల ఓడు అన్నాను.
నాన్న నవ్వాడు.
ఆయన నవ్వాడు గనక ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది.
సైకిల్ మీంచి పడ్డా మద్దెలే,
లెక్క తప్పినా మద్దెలే.
ఇప్పుడు ఆ మద్దెల
దీపం కింద బోర్లా పడుకుని ఉంది.
ఓడే.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను.
అరిగిన అంచున మెత్తటి పెన్సిల్ రుద్దాను.
తదేయో ఊపిరి బిగబట్టి చూశాడు,
తల్లి లాగే, నోరు కాస్త తెరిచి.

రాత్రి ఫోన్ చేశాను.
ఎవరో రోగి దగ్గుతున్నారు అవతల.
"బటన్ చెడిందే. మొదట్నించీ చెడే ఉంది.
నువ్వు చెప్పింది నిజం" అన్నాను.
కాసేపు గాలి తప్ప ఏమీ వినబడలేదు,
నా వైపుదో తన వైపుదో.
"పిల్లాడు అన్నం తిన్నాడా?" అంది.
తిన్నాడన్నాను.
"ఒకటి చెప్పనా" అంది తర్వాత, నవ్వాపుకుంటూ,
"కొన్నిసార్లు నిజంగానే నొక్కలేదు నేను.
పడిపోతే నీ మొహం చూడాలని."

ఆ పదిహేడులో ఎన్ని తనవో
ఏ పరికరంతోనూ తేలదు.

మళ్లీ నూరు గింజలు.
తొంభై తొమ్మిది ఈ గిన్నెలో.
మిగిలిన ఒక్కటి పట్టుకుని
"ఇది నువ్వు నొక్కలేదు మామయ్యా" అన్నాడు తదేయో.

నొక్కాను.