ఏడు ముళ్ళ తాడు

బడి మూతపడ్డాక తాళంచెవి నా చేతికిచ్చారు.
చివరి విద్యార్థి మా అక్క కొడుకు టూరోల్ఫ్.
ఇప్పుడు వాడు ముప్పై రెండు గొర్రెల ఆసామి.
నల్లబల్ల మీద వాడు తప్పు చేసిన తీసివేత లెక్క
ఇంతవరకు ఎవరూ చెరపలేదు.
వచ్చిన ప్రతి చిత్రకారుడూ దాన్ని ఫొటో తీసుకుంటాడు.

చలికాలం ఈ ద్వీపంలో మేం నలభై ఒక్కమందిమి.
వేసవిలో కళాకారులు దిగుతారు, నెలకు నలుగురు,
ఓబో రేవు నుంచి మధ్యాహ్నం పడవలో.
సముద్రం బొమ్మ గీయడానికి
సముద్రాలు దాటించి కాన్వాసు తెస్తారు.
నిశ్శబ్దం ఎంత బాగుందో గట్టిగా చెప్పుకుంటారు.
పోతూ పోతూ అల్మరాలో వదిలినవి:
సగం పిండిన తెల్లరంగు ట్యూబులు పదిహేడు,
ఏ గోడకీ అతకని ప్లగ్గులు,
సంచెడు ఎర్ర పప్పు,
ఒంటికాలి బూటు.
ఎత్తిపొడుపు కాదు.
వాళ్ళే రాకపోతే పడవ వారానికొక్కసారి.
ఆ సంగతి మా అందరికీ తెలుసు.

బావి మాత్రం ఎవరి మొహమూ చూడదు.
తాడుకి మా నాన్న ఏడు ముళ్ళు వేశాడు.
మోటారు పెట్టాక కూడా తాడు తీసెయ్యలేదు నేను.
మే నెలలో ఆరు తడుస్తాయి.
నలుగురూ రెండు పూటలా షవరు కింద నిలబడితే
జూలైకి మూడు.
ఆ కింద ఉన్నది సముద్రమే,
కాఫీ తాగితే తెలిసిపోతుంది.

నగరం నుంచి కమిటీవాళ్ళ ఫారం వచ్చింది.
పైన ఆకుపచ్చ అక్షరాల్లో 'సుస్థిరత'.
ఎన్ని టన్నుల కార్బన్, ఎంత శాతం తగ్గింపు.
బావికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను: మూడు ముళ్ళు.
ముళ్ళంటే ఏమిటని ఫోన్ చేశారు.

తర్వాత నియమం పెట్టాం, విమానం వద్దని.
రైల్లో రండి, బస్సులో రండి, ఓడలో రండి.
గ్రోనింగెన్ నుంచి వీట్స్కె వచ్చింది, కుమ్మరి, నాలుగు రోజులు పట్టింది.
దిగిన ప్రతి స్టేషన్ పక్కనా చిటికెడు మట్టి తీసి
అగ్గిపెట్టెల్లో పోసి తెచ్చింది.
నాకు నచ్చింది.
కమిటీకి మరీ నచ్చి పోస్టరు వేశారు.

ఆ వారమే అగాదిర్ నుంచి ఉత్తరం. ఇద్దిర్, నేతగాడు.
"గున్వోర్ గారూ,
నా వీసా ముప్పై రోజులు. రావడానికి ఏడు, పోవడానికి ఏడు.
మిగిలినవాటిలో మగ్గం బిగించడం, విప్పడం.
నిదానంగా రావడం నాకూ ఇష్టమే.
కానీ నిదానానికి కూడా ముద్ర వేసే కిటికీ ఒకటుంది.
దాని ముందు నాలుగు నెలలు నిలబడ్డాను.
ఆ నిదానం మీ లెక్కలోకి రాదా?"

నల్లబల్లకి ఎదురుగా కూర్చుని మళ్ళీ చదివాను.
ముప్పైలోంచి పద్నాలుగు.
టూరోల్ఫ్ తప్పింది కూడా అచ్చం ఇలాంటి చోటే,
పక్కింటి నుంచి అప్పు తేవాలని మరిచాడు.

విమానంలోనే రమ్మని రాశాను. కమిటీని అడగలేదు.
ఉన్ని మాత్రం మోసుకురావద్దన్నాను:
ఇక్కడ బొచ్చు కొనే నాథుడు లేక
టూరోల్ఫ్ ఏటా గుంట తీసి పాతిపెడుతున్నాడు.

మా బొచ్చు ముతకదని మొదటి రోజు విసుక్కున్నాడు ఇద్దిర్.
రెండో రోజు నుంచి మాటల్లేవు, మగ్గం చప్పుడే.
చెంబెడు నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కునేవాడు.
కుళాయి రాకముందు మా అమ్మ అలా కడుక్కునేది.
వెళ్తూ సగం దుప్పటి మగ్గం మీదే ఉంచాడు,
వచ్చేవాళ్ళు జానెడు జానెడు నేయమని.
తర్వాత వచ్చింది పూసాన్ అమ్మాయి, శబ్దాలు పట్టే మనిషి.
నేయబోయి రెండు వరుసలు ఊడదీసింది.

ఈ జూలైలో తాడు పైకి లాగి చూశాను.
నాలుగు తడిశాయి.
వానలు ఎక్కువ పడ్డాయి మరి,
మా గొప్పేమీ కాకపోవచ్చు.
ఫారం మళ్ళీ వచ్చింది. ఈసారి అడుగున చిన్న గడి: ఇతరములు.
నాలుగో ముడి మీద బొటనవేలు ఆనించి
ఆ తడిని
అందులో అద్దాను.