పసుపు పొట్లం

గ్రీమ్స్‌పేట చర్చి వెనక హాల్లో
బల్లల మీద చొక్కాలు.
సలోమి టీచరు రాత్రంతా ఇస్త్రీ చేసి
ఊడిన గుండీల చోట దొరికినవి కుట్టింది.
ఒక్కటీ జత కలవదు.

నా పని నోటుబుక్కు.
పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది.
మొగిలమ్మ పేరు చెప్పే ముందు
ఒకసారి వెనక్కి చూసింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూసి రెండు నెలలంట.
"ఊరికే తినను టీచరమ్మా, అంట్లు తోమి పోతా."
"అంట్లు యాడుండాయి? విస్తరాకులే. కూర్చో."

ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, నూనె,
వేలెడంత పసుపు పొట్లం.
కొడుకు ఢిల్లీబాబుకి నీలం గళ్ళ చొక్కా.
వాడు చేతులు దూర్చబోతే
"ఆగరా" అని
పళ్ళతో పొట్లం చించి
కాలరు లోపల, ఎవరిదో చెమటకి వెలిసిన చోట,
వేలితో పసుపు అద్దింది.
కొత్త గుడ్డ కదా.

టీచరు ఏదో అనబోయి
వంగి
వాడి పై గుండీ పెట్టింది.

"పాత చొక్కా, ఒకటి" అని
అప్పటికే రాసేశాను.
దిద్దాలో వద్దో తెలీక
పెన్ను పట్టుకుని ఉంటే

లైన్లో వెనకామె
చేతిలో చీర మడత విప్పుతా
"ఆ పొట్లం ఇట్లియ్యి మే" అంటా ఉంది.